చుక్కల కాగితం

పైడిలంక హైస్కూల్లో డ్రాయింగు పీరియడు నాగదుర్గదే అయినా, దాన్ని ఎక్కువగా వాడుకునేది లెక్కల మాస్టారు బంగార్రాజు. ఆమె వారానికి మూడు రోజులు ఏలూరు నుంచి షేర్ ఆటోలో వచ్చే పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టరు. ఆయనకు పాతికేళ్ళ సర్వీసు. "అమ్మా, భిన్నాలు మిగిలిపోయాయండి, ఈ ఒక్క పీరియడూ ఇచ్చేయండి" అని గుమ్మంలో నిలబడి అడిగితే ఆమె కాదనలేకపోయేది. చేతిలో ఉన్న కాగితాల కట్ట మళ్ళీ సంచిలో పెట్టుకుని స్టాఫ్ రూంకి వెళ్ళిపోయేది.

ఈ నవంబరులో హెడ్మాస్టరు ప్రసాదరావు ఒక కొత్త ఏర్పాటు చేశాడు. ప్రతి టీచరూ ఇంకో టీచరు క్లాసులో మూడు వారాలు వెనక బెంచీ మీద కూర్చుని, పాఠం ఎలా జరుగుతోందో చూసి, ఫారం నింపి ఇవ్వాలి. ఎవరు ఎవరిని చూడాలో చీటీలు వేశారు. బంగార్రాజుకి ఆరో తరగతి డ్రాయింగు వచ్చింది.

"ఇన్నాళ్ళూ పీరియడుని మీరు పట్టుకుపోయారు. ఇప్పుడు పీరియడే మిమ్మల్ని పట్టుకుపోతోంది మాస్టారూ" అంది హిందీ టీచరు దానమ్మ. స్టాఫ్ రూమంతా నవ్వింది. నాగదుర్గ మాత్రం నవ్వలేదు. టిఫిన్ డబ్బా మూత బిగించుకుంటూ, "ఎండ పడని వైపు కూర్చోండి మాస్టారూ, ఎండ మూల ఫ్యాను తిరగదు" అంది.

మొదటి గురువారం ఆయన దిద్దాల్సిన లెక్కల నోటు పుస్తకాలు ఓ కట్ట వెంట తెచ్చుకున్నాడు. పిల్లలు నలభై ఒక్కమంది. భోజనాలు చేసి వచ్చి, గోల గోలగా ఉన్నారు. నాగదుర్గ కేకలేయలేదు. బల్ల మీద కొట్టలేదు. బోర్డు దగ్గరికి వెళ్ళి, పైన ఒక మూల చిన్న ముడి లాంటిది గీసింది. ఆగింది. ముడి నుంచి కిందికి ఒక గీత లాగింది. మళ్ళీ ఆగింది.

"బూటు లేసండి" అన్నారు ముందు బెంచీలో ఎవరో.

"గేదె పలుపండి."

"కాదెహె, జడ."

ఆమె వెనక్కి తిరగకుండానే గీత చివర ఒక వంపు తిప్పింది. పడవ ముక్కు కనిపించింది. అప్పటికి క్లాసులో చప్పుడు లేదు. బంగార్రాజు చేతిలో ఎర్ర పెన్ను మూత తీసి ఉంది కానీ పుస్తకం తెరవలేదు.

రంగుల దగ్గర ఇంకో చిత్రం చూశాడు. నలభై ఒక్కమందికీ కలిపి ఆరు క్రేయాన్ పెట్టెలున్నాయి. కొల్లేరు పిల్లలకి చెరువులూ ఆకాశమూ లేకుండా బొమ్మ ఉండదు కాబట్టి అందరూ కొట్టుకునేది నీలం కోసమే. ఆరు నీలం ముక్కల్నీ నాగదుర్గ ఒక డబ్బా మూతలో వేసి బాబీ ముందు పెట్టింది. స్కూలు మొత్తానికి అల్లరిలో మొదటివాడు బాబీ. నీలం కావాలన్నవాళ్ళు వాడి దగ్గరికే వచ్చి మర్యాదగా అడగాలి. వాడు మాత్రం కూర్చున్నచోటు నుంచి లేవకూడదు.

"నీలం కావాలండీ బాబీ గారూ."

"దేనికండీ?"

"ఆకాశానికండీ."

"సగం ఆకాశం సరిపోదాండీ? అవతల సాయికృష్ణ గారి చెరువు ఆగిపోయిందండీ."

"ఆయన చెరువు ఎండిపోనివ్వండి. నేను ముందొచ్చాను."

బంగార్రాజు ఫారం తీసి 'తరగతి నిర్వహణ' అన్న గడిలో 'బాగుంది' అని రాశాడు. అది కొట్టేసి, 'బాబీ నలభై నిమిషాలు కూర్చున్నాడు' అని రాశాడు. ఆయన క్లాసులో వాడు పది నిమిషాలు కూర్చున్న రోజు లేదు.

నాగదుర్గ పిల్లల వెనక నుంచి తొంగి చూడదు. బెంచీ చివర కొంచెం జరగమని, పక్కన కూర్చుంటుంది. బాగుందని గానీ బాగాలేదని గానీ అనదు. తనకు కనిపించింది చెబుతుంది. "ఈ కొబ్బరిచెట్టు వంగింది. గాలి ఎటు నుంచి వీస్తోంది?" అంటుంది. తన చెట్టు వంగిందన్న సంగతి పిల్లాడికి అప్పుడే తెలుస్తుంది. కాసేపు ఆలోచించి, "కైకలూరు వైపు నుంచండి" అంటాడు. "అయితే పడవ మీద జెండా ఎటు ఎగరాలి?" అని లేచిపోతుంది. పిల్లాడు జెండా తుడిచి రెండో వైపు వేసుకుంటాడు.

పీరియడు అయ్యేసరికి బంగార్రాజు దిద్దిన నోటు పుస్తకాలు మూడు.

రెండో గురువారం ఆయన కట్ట తేలేదు. అందుకే ఒక సంగతి కంటబడింది. కాగితాలు పంచగానే పిల్లలు పెన్సిలు పట్టుకోవడం లేదు. అరచేత్తో కాగితాన్ని మెల్లగా తడుముతున్నారు. కొందరైతే కళ్ళు మూసుకుని మరీ. ఏ టీచరు క్లాసులోనూ ఇలాంటిది చూడలేదు ఆయన.

పక్క బెంచీలో కిటికీ వైపు దీవెన కూర్చుంది. నాన్న చేపల చెరువు మీద పని చేస్తాడు. మాట తక్కువ పిల్ల.

"ఏంటే అలా తడుముతున్నావు?"

"లోపలేముందో చూస్తున్నానండి."

"కాయితం లోపలా?"

దీవెన ఆయన్ని జాలిగా చూసింది. "డ్రాయింగు కాయితం కదండీ. వేళ్ళకి తెలుస్తాదండి."

ఆ పిల్ల కాగితం తీసుకుని ఆయనా తడిమాడు. ఏమీ తెలియలేదు. సుద్దముక్క పట్టి పట్టి మొద్దుబారిన వేళ్ళు. కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకున్నాడు. సన్నటి చిల్లులు. సూదిమొన అంతంత. ఒకదానికొకటి వేలెడంత దూరంలో, వరుసగా. లెక్కల మాస్టారు కాబట్టి వాటిని మనసులోనే గీతలతో కలిపాడు. పొడుగాటి ముక్కు, దాని కింద సంచీ, గుండ్రటి ఒళ్ళు. గూడబాతు.

కాగితం తిరిగి ఇచ్చేశాడు. దీవెన పెన్సిలు పట్టుకుని, ఎడమ చేతి చూపుడు వేలు ముందు నడుస్తుంటే దాని వెనకే గీస్తూ పోయింది. గూడబాతు చక్కగా వచ్చింది. ఫారంలో 'బోధనోపకరణాలు' అన్న గడి దగ్గర బంగార్రాజు పెన్ను ఆగింది. గడి ఖాళీగా వదిలేశాడు.

గంట కొట్టాక వరండాలో అడిగాడు. "ఆ చిల్లులు ఏంటమ్మా?"

నాగదుర్గ దాచలేదు. "నేనే పొడుస్తానండి. తొమ్మిదిమందికే. మిగతావాళ్ళవి ఒట్టి కాయితాలే. వీళ్ళని చూసి వాళ్ళూ ఊరికే తడుముతారు."

పదిహేడో ఏట నుంచి ఆమె చేసిన పని అది. ఏలూరు పవర్‌పేటలో నరసరాజు మగ్గం వర్కు షాపులో ట్రేసింగు. జాకెట్టు మీద కుట్టాల్సిన నెమలినో మామిడి పిందెనో బటరు పేపరు మీద వేసి ఇస్తే, మడతపెట్టిన కంబళి మీద ఆ పేపరు పరిచి గీత వెంట సూదితో పొడవాలి. తరవాత పేపరుని గుడ్డ మీద పెట్టి, కిరసనాయిలు కలిపిన తెల్లపొడి రుద్దితే, చిల్లుల్లోంచి చుక్కలు దిగి డిజైను గుడ్డ మీద పడుతుంది. పెళ్ళయి, కూతురు ఇందుజ పుట్టాక, డ్రాయింగు పరీక్షలు రెండూ రాసి పాసై, నాలుగేళ్ళ కిందట ఈ ఉద్యోగంలో చేరింది. సూది మాత్రం ఇంట్లోనే ఉంది, పాత పెన్ను గొట్టానికి బిగించి. బుధవారం సాయంత్రం వంట మొదలుపెట్టేలోపు కంబళి పరుచుకుని కూర్చుంటుంది.

"ఈ దీవెన ముందు చదివిన వేరే ఊరి బళ్ళో ఎవరో టీచరు క్లాసులో ఆ పిల్ల బొమ్మ పైకెత్తి, 'ఇది గేదా, మంచమా' అని అడిగారటండి. అందరూ నవ్వారు. అక్కడి నుంచి ఇక్కడికొచ్చినా మంచం దీవెన అన్న పేరు పోలేదు. జూన్‌లో మూడు వారాలు కాయితం మీద రెండు చేతులూ కప్పుకుని కూర్చుంది. ఒక్క గీత గీయలేదు."

"అందుకని పొడిచారా?"

"మొదట్లో బియ్యపు గింజకొకటి పొడిచానండి. దసరాకి అంగుళానికొకటి. ఇప్పుడు వేలెడు దూరం. మధ్యలో అంతా ఆ పిల్లే గీసుకుంటోంది, తనకే తెలీదు. ఏప్రిల్ కల్లా చిల్లు ఉండదు."

బంగార్రాజు గెడ్డం గోక్కున్నాడు. "ఇది కాపీ కొట్టించడం కాదాండి?"

"బోర్డు మీద మొదటి లెక్క మీరే చేసి చూపిస్తారు కదండీ?"

"చూపిస్తాను. ఆ లెక్క వాళ్ళే చేశారని గోడకి అంటించను."

నాగదుర్గ మొహం మాడ్చుకుంది. హెడ్మాస్టరు గది బయట నోటీసు బోర్డుకి దీవెన అంతకు ముందు వేసిన గూడబాతు ఒకటి అంటించి ఉంది. అంటించింది ఆమే. అది అంటించిన రోజు నుంచి దీవెనని ఎవరూ మంచం అనలేదు.

ఆ బోర్డే కొంప ముంచింది. మూడో గురువారం పొద్దున ప్రార్థనలో ప్రసాదరావు మైకులో చెప్పాడు. శనివారం ఏలూరులో జిల్లా స్థాయి చిత్రలేఖనం పోటీ. జూనియర్స్‌లో స్కూలుకి ఒక్కరే. మన స్కూలు నుంచి ఆరో తరగతి దీవెన. "కాయితం వాళ్ళే ఇస్తారు, అక్కడే కూర్చుని రెండు గంటల్లో వెయ్యాలి. ఆ గూడబాతుని వేసిన చెయ్యి ఏదైనా వేస్తుంది" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. బాబీ అందరికంటే గట్టిగా కొట్టాడు. దీవెన మొహం దించుకుని నవ్వింది. స్కూల్లో ఆ పిల్ల పళ్ళు కనబడేలా నవ్వడం నాగదుర్గ చూడటం అదే మొదటిసారి.

మధ్యాహ్నం క్లాసులో బంగార్రాజు ఫారం తెరవనే లేదు. పిల్లలు వెళ్ళిపోయాక బెంచీలోంచి లేవకుండానే అన్నాడు.

"చెప్పేయండమ్మా."

"చెబితే మానేస్తుంది మాస్టారూ. మళ్ళీ కాయితం మీద చేతులు కప్పుకుంటుంది. అయిదు నెలలు పట్టింది నాకు."

"మీరు చెప్పకపోతే శనివారం కాయితమే చెబుతుంది."

"పేరు మార్చమని పెద్దసారుని అడిగితే?"

"మైకులో చెప్పాక మారిస్తే ఆ పిల్లకి ఎలా ఉంటుందో మీకు తెలీదా? నేను లెక్కలవాణ్ణి, నాకే తెలుస్తోంది."

మర్నాడు శుక్రవారం ఆమె డ్యూటీ రోజు కాదు. అయినా వచ్చింది. భోజనాల గంట కొట్టాక దీవెనని డ్రాయింగు సామాన్ల గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, సంచిలోంచి కంబళి ముక్కా, కాగితమూ, సూదీ తీసింది. మాటలతో చెబుదామని దారంతా అనుకుంటూ వచ్చింది. చివరికి కాగితాన్ని కంబళి మీద బోర్లించి పొడవడం మొదలుపెట్టింది. టక్ టక్ మని సన్నటి చప్పుడు. దీవెన నిలబడి చూసింది. నాగదుర్గ కాగితం తిప్పి ఆ పిల్ల చేతికిచ్చింది.

దీవెన తడిమింది. చాలాసేపు తడిమింది.

"మీరు పొడుస్తారాండి?"

"నేనేనమ్మా."

"డ్రాయింగు కాయితం అలాగే వస్తాది కదండీ? గీతల పుస్తకానికి గీతలున్నట్టు?"

అంతవరకు ఆ పిల్ల ఏమనుకుంటోందో నాగదుర్గకి తెలియదు. చిల్లులు తను పొడిచినవని తెలిసిపోతే ఎలా అని అయిదు నెలలుగా జాగ్రత్తపడుతూ వచ్చింది. ఆ పిల్లకి చిల్లులు మొదటి రోజే దొరికాయి. దాచాల్సిన సంగతి అని మాత్రం తోచలేదు.

"రాదమ్మా. ఒట్టిగానే వస్తుంది."

"గూడబాతుకి కూడా పొడిచారాండి?"

"పొడిచాను."

"బాబీ కాయితానికండీ?"

నాగదుర్గ అబద్ధం చెప్పలేదు. "వాడికి లేదమ్మా."

"సాయికృష్ణకి?"

"లేదు."

దీవెన కాగితాన్ని బల్ల మీద పెట్టింది. అంచులు బల్ల అంచుకి సరిగ్గా ఉండేలా సర్దింది. "అంటే నాకు రాదనాండి?" అంది.

"అది కాదే తల్లీ. ఇదిగో, ఈ చిల్లుకీ ఈ చిల్లుకీ మధ్య చూడు. ఇంత దూరం. ఇక్కడ ముక్కు వంపు నేను పొడవలేదు. అది నువ్వు..."

"అన్నానికి వెళ్ళాలండి. పప్పు అయిపోతాది" అని ఆ పిల్ల వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున ఏడున్నరకి నాగదుర్గ పైడిలంక ఆటోల దగ్గర నిలబడి ఉంది. పోటీ జరిగేది ఆమె ఇంటికి రెండు వీధుల అవతల. పిల్ల రాదేమోనన్న భయంతో ఏలూరు నుంచి ఎదురు వచ్చింది. స్కూలు తరపున పిల్లని తీసుకెళ్ళమన్నది బంగార్రాజునే కాబట్టి ఆయన కూడా ఉంగుటూరులోని ఇంటి నుంచి బండి మీద వచ్చి, దాన్ని కిళ్ళీ కొట్టు ముందు పెట్టాడు. ఎనిమిది గంటలకి చెరువు గట్టు మీద నుంచి ఒక మోపెడ్ వచ్చింది. వెనక దీవెన. తలకి నూనె రాసి రెండు జడలు వేశారు.

"జాగ్రత్తగా తీసుకెళ్ళండి మేడం గారూ" అన్నాడు దీవెన తండ్రి ఎలీయాజరు. "రాత్రి అన్నం తినలేదండి. ఆనందమనుకుంటా."

దీవెన నాగదుర్గకి నమస్కారం పెట్టి, ఆటోలో బంగార్రాజు పక్కన కూర్చుంది. ఏలూరు దాకా ఒక్క మాట ఆడలేదు. దారి పొడుగునా బంగార్రాజే మాట్లాడాడు. చేపల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టేందుకు తిరిగే చక్రాలు ఒక్కొక్కటి నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతాయో లెక్కపెట్టమన్నాడు. ఎవరూ లెక్కపెట్టలేదు.

పోటీ ఒక హైస్కూలు హాల్లో. నేల మీద పట్టాలు పరిచి పిల్లల్ని వరసల్లో కూర్చోబెట్టారు. ప్రతి కాగితం మూల ముద్ర ఉంది. పేరు రాసిన చీటీ వెనక మడిచి అంటించారు. అంశం బోర్డు మీద రాశారు: 'మా ఊళ్ళో పని'.

నాగదుర్గ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. దీవెన మూడో వరసలో. కాగితం అందగానే అరచేతిని దాని మీద పెట్టి తడిమింది. అలవాటు. కాగితం తిప్పి వెనక తడిమింది. మళ్ళీ తిప్పి ముందు పెట్టుకుంది. రెండు చేతులూ దాని మీద కప్పుకుని కూర్చుంది.

పక్క పిల్లలు గీస్తున్నారు. పావుగంట గడిచింది. ఆ చేతులు కదల్లేదు.

"మేడం, కిటికీల దగ్గర ఎవరూ ఉండకూడదండి. ఏవండీ, మిమ్మల్నే" అని నిర్వాహకుల్లో ఒకతను వచ్చి పంపించేశాడు.

గేటు బయట టీ కొట్టు దగ్గర బంగార్రాజు రెండు టీలు చెప్పాడు. నాగదుర్గ గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు.

"నాకూ ఇలాగే అయింది మాస్టారూ" అంది. "షాపులో ఆరేళ్ళు వేరేవాళ్ళు గీసింది పొడిచాను. ఎంత కష్టమైన నెమలైనా సరే పొడిచేసేదాన్ని. ఓ రోజు నరసరాజు గారు ఊళ్ళో లేరు. ఒకావిడ వచ్చి కొత్త డిజైను కావాలంది. బటరు పేపరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. భోజనానికి కూడా లేవలేదు. సాయంత్రానికి పేపరు అలాగే ఉంది. చిన్న ఆకు కూడా రాలేదు. ఇంటికెళ్ళి ఏడ్చాను."

"తరవాత?"

"తరవాత పరీక్షకి కట్టాను."

"మరి అంత తెలిసి పిల్లకి సూది ఎందుకు పట్టారండి?"

"నాకు తెలిసిన దారి అదొక్కటేనండి" అంది నాగదుర్గ. "నాకూ చేతికి ధైర్యం ముందు చిల్లుల వల్లే వచ్చింది. లేకపోతే పెన్సిలే ముట్టుకునేదాన్ని కాదు."

బంగార్రాజు ఆమె గ్లాసు వైపు చూసి, "చల్లారిపోతోందండి" అన్నాడు.

పన్నెండున్నరకి పిల్లలు బయటికొచ్చారు. దీవెన చేతి అంచంతా పెన్సిలు నలుపు. వేసిందో లేదో బంగార్రాజు అడగబోతే నాగదుర్గ చెయ్యి అడ్డం పెట్టింది. ముగ్గురూ పులిహోర పొట్లాలు తిన్నారు. దీవెన పొట్లం ఖాళీ చేసి, నాగదుర్గ పొట్లంలో మిగిలిన వేరుశనగ గుళ్ళు కూడా ఏరుకుని తింది.

మూడు గంటలకి ఫలితాలు చదివారు. జూనియర్స్‌లో మూడు బహుమతులు, అయిదు ప్రోత్సాహకాలు. పైడిలంక పేరు ఎందులోనూ లేదు. పాల్గొన్నట్టు ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. దీవెన దాన్ని చూడకుండానే బంగార్రాజుకిచ్చేసింది.

"ఏం పర్లేదే. మొదటిసారి కదా" అన్నాడాయన.

ఆ పిల్ల వినిపించుకోలేదు. నాగదుర్గ వైపు తిరిగింది. నిన్న మధ్యాహ్నం తరవాత ఆమెతో మాట్లాడటం అదే మొదటిసారి.

"నా బొమ్మ నాకిచ్చేస్తారాండి?"

జూన్ నుంచి ఆ పిల్ల వేసిన బొమ్మలన్నీ నాగదుర్గ బీరువాలోనే ఉన్నాయి. ఇంటికి పట్టుకెళ్ళమని రెండుసార్లు చెప్పినా, "ఉండనివ్వండి" అని వదిలేసింది. గూడబాతుని కూడా అడగలేదు.

"కనుక్కుందాం రా" అంది.

బల్ల దగ్గర ఉన్నది పొద్దున కిటికీ దగ్గర్నుంచి పంపేసినతనే. "కాయితాలు తిరిగివ్వమండి. రూల్ లేదు. అన్నీ రికార్డు రూముకి పోతాయి."

"ఈ పిల్లది ఒక్కటి ఇవ్వండి."

"ఒకరికిస్తే అందరూ అడుగుతారమ్మా."

"అడిగినవాళ్ళకి ఇవ్వండి. ఈ పిల్ల అడిగింది." గొంతు పెద్దది కాలేదు కానీ ఆమె బల్ల ముందు నుంచి కదల్లేదు. వెనక ఎవరో సంతకం కోసం వచ్చి ఆగారు. "ఇవ్వాలండి. నేను ఇక్కడే ఉంటాను" అంది. పీరియడు అడిగితే ఇచ్చేసే మనిషిని బంగార్రాజు తేరిపార చూశాడు. చూసి, ఆయనా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"చూడండి మేడం, రెండొందల పైన కాయితాలున్నాయి. పేరు చీటీలు అంటించేసి ఉన్నాయి, అవన్నీ ఊడదీయలేం. బొమ్మ చూసి గుర్తుపడితే తీసుకుపోండి." మూల ఉన్న దొంతర చూపించాడతను.

"గుర్తుపడతానండి" అంది నాగదుర్గ. నాలుగేళ్ళుగా పేరు లేని కాగితాలు దిద్దుతోంది. ఏ గీత ఏ పిల్లదో పేరు చూడకుండానే చెప్పగలదు. నేల మీద మఠం వేసుకుని దొంతర ముందుకు లాక్కుంది. దీవెన పక్కన గొంతుక్కూర్చుంది.

వరి నాట్లు. ఎడ్ల బండి. కుమ్మరి సారె. మళ్ళీ వరి నాట్లు. ట్రాక్టరు. వలేస్తున్న మనిషి. ఆమె ఒక్కొక్కటీ చూసి పక్కన పెడుతోంది. నున్నటి, మెల్లటి గీత కోసం ఆమె కళ్ళు వెతుకుతున్నాయి. గూడబాతుని వేసిన గీత. యాభై చూసింది. వంద చూసింది.

"దాటిపోయిందండి" అంది దీవెన.

"ఏదీ?"

"పక్కన పెట్టేశారు. పైనుంచి మూడోది."

నాగదుర్గ దాన్ని తీసింది. ఇందాక దీని మీద ఆమె చూపు కాసేపైనా నిలవలేదు. కాగితంలో ముప్పాతిక భాగం ఖాళీ. కింద ఒక మూల చెరువులో పడవ, పడవలో మనిషి. మనిషి వీపు తప్ప మొహం లేదు. పాదాలు మరీ పెద్దవి. నీళ్ళలో పాతిన వెదురు కర్రకి చేపల మేత బస్తా కడుతున్నాడు. గీతలు ఎక్కడా నున్నగా లేవు. నల్లగా, అదిమి గీసినవి, ఒకదాని మీద ఒకటి మూడుసార్లు వేసినవి. తప్పు గీతలు కూడా తుడపకుండా అలాగే ఉన్నాయి. కర్రకి వేసిన ముడి దగ్గర మాత్రం తాడు ఎటు నుంచి ఎటు వెళ్ళిందో ఒక్కో పోగూ కనబడుతోంది.

ఈ గీత ఆమెకి తెలియదు. అయిదు నెలల్లో ఒక్కసారి కూడా చూడలేదు.

బంగార్రాజు కూడా వంగి చూశాడు. దీవెన నాగదుర్గ మొహమే చూస్తోంది. ఎప్పుడూ ఏదో ఒకటి కనిపెట్టి చెప్పే మేడం ఏం చెబుతుందా అని కాచుకుని ఉంది.

"ఈ బస్తా బాగా బరువుగా ఉందే" అంది నాగదుర్గ చివరికి. "పడవ ఇటు ఒరిగిపోయింది."

"తవుడు కదండీ. తడిస్తే అలాగే లాగేస్తాదండి" అంది దీవెన. "మా నాన్నకి నడుం నొప్పి అందుకే."

కాగితం ఆమె చేతిలోంచి తీసుకుని గుండ్రంగా చుట్టింది. జడకున్న రిబ్బను ఒకటి విప్పి దానికి కట్టింది. ఆటో ఎక్కేటప్పుడు ఇరుకుగా ఉంది, నేను పట్టుకుంటానని బంగార్రాజు చెయ్యి చాపితే, "వద్దండి, నలిగిపోతాది" అని ఒళ్ళో పెట్టుకుంది.